వంతెన కాడ ఇద్దరు

మొదటిసారి నేను పోయినప్పుడు ఆ గదిలో ఉన్నవి ఇవి. ఒక కంప్యూటరు, దానికి తగిలించిన ఒక గేమ్‌ప్యాడు, కింద ఒక యూపీఎస్. రెండు నులక మంచాలు. గోడకు మేకు, మేకుకు ప్లాస్టిక్ కవరు కూడా చించని ఇంకో గేమ్‌ప్యాడు. ఇటుకలతో సగం దాకా మూసేసిన కిటికీ. గడప అవతల కాపలా కూర్చున్న ఓబులేసు, అతని పక్కన గోడకు ఆనించిన పొడవాటి గుడ్డ మూట. ఆ మూటను నేను చూడనట్టే ఉన్నాను. గడప ఇవతల నేను, భుజానికి స్క్రూడ్రైవర్ల సంచితో. గది మధ్యలో ఆయన, నిలబడి. కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే పేరుతో పాటు పార్టీ, పార్టీతో పాటు కేసులు గుర్తొస్తాయి. నాకు గుర్తున్న మనిషి వాటిలో లేడు.

పోయిన వారం నాయన ఫోన్ చేసి ఆయన చనిపోయాడని చెప్పాడు.

"నిద్రలోనే పోయినాడంట రా. గుండె. పొద్దన టీ తీసకపోతే లేయలేదంట."

"నువ్వు పోయినావా నాయనా?"

"పోకుంటే ఎట్ట? జనం శానా వచ్చినారు. రెండు పక్కలోల్లూ వచ్చినారు. ముద్దనూరు అవతలాయన కూడా వచ్చినాడు. పాడె ముందర పక్క ఆయనే పట్టినాడు. ఎవురూ ఏమీ అన్లేదు."

తలుపు వైపు వీపు పెట్టి ఎన్నడూ కూర్చోని మనిషి, నిద్రలో పోయాడు. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఇప్పటికీ కుదరడం లేదు.

ఆయన్ను నేను ఎరిగిన రోజుల్లో ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు బంగారు అంగళ్ళ వెనక సందులో ఉన్న ఒక కంప్యూటర్ అంగడిలో పనిచేసేవాణ్ణి. జమ్మలమడుగు దగ్గరి ఆ ఊరికి ఎవరినంటే వాళ్ళను పంపడానికి లేదు. వచ్చే మనిషిది ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎవరి చుట్టం అని ముందే కబురు తెప్పించుకునేవాళ్ళు. నన్ను ఎంచుకున్నది నా చదువు చూసి కాదు, మా గొర్రెలను చూసి. నాయనకు మంద ఉంది. పంట కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మందను నిలుపుకుంటారు. ఈ వర్గం వాళ్ళ చేలో ఒక వారం ఉంటే, ఆ వర్గం వాళ్ళ చేలో ఇంకో వారం. గొర్రెలకు పార్టీ లేదు కాబట్టి మాకూ లేదని ఇరుపక్కల వాళ్ళూ ఒప్పుకున్నారు.

"ఎవురి కొడుకువబ్బీ?" అని ఆయన మొదట అడిగాడు, తెలిసి కూడా.

చెప్పాను.

"ఓ, మందాయన కొడుకా. మీ నాయన మంద మా చేన్లో ఉన్నప్పుడు పొట్టేలొకటి నన్ను పొడిచింది, తెల్సా?"

"తెలీదన్నా."

"ఇంతమంది తిరిగి తిరిగి చెయ్యలేంది, అది చేసింది. ఎనకనుంచి."

గడప అవతల ఓబులేసు కిసుక్కుమన్నాడు. ఆయన నవ్వలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, కిటికీలో ఇటుకల పైనుంచి ఒకసారి చూసి, తిరిగి వచ్చాడు. నాతో మాట్లాడినంతసేపూ అట్లా నడుస్తూనే ఉన్నాడు. ఆయన ఎటు పోతే అటు తిరిగి జవాబు చెప్పడం మొదటి రోజే అలవాటైంది.

ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. దాని మీద ఎప్పుడూ తువ్వాలు కప్పి ఉంచేవాడు. కొన్నేళ్ళ కిందట ముద్దనూరు దారిలో ఆయన పోతున్న జీపు మీద బాంబులు వేశారు. ఆ సంగతి నాకు దారిలో బస్సు కండక్టరు దగ్గరి నుంచి అందరూ చెప్పారు. ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ప్రొద్దుటూరులో సదువుకునేటప్పుడు ఒక గేము ఆడేటోణ్ణి. టీవీకి తగిలించే పెట్టె, దాంట్లో పెట్టే క్యాసెట్టు. ఇద్దరు సోల్జర్లు, తుపాకులు, ఒక వంతెన. అది దీంట్లో వస్తాదా?"

వస్తుందన్నాను. ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. ఆ పాత పెట్టె చేసే పనినంతా కంప్యూటరులో నటిస్తుంది. క్యాసెట్టులో ఉన్న గేముకు తాను పెట్టెలో లేనని తెలియదు. ఇది చెప్తే ఆయన నడవడం ఆపి నన్ను చూశాడు.

"దానికి తెలీనే తెలీదా?"

"తెలీదన్నా."

"మంచిదే. మల్ల ఒక చేత్తో ఎట్టాడల్ల?"

అసలు చిక్కు అదే. గేమ్‌ప్యాడులో ఎడమ బొటనవేలు మనిషిని నడిపిస్తుంది. కాల్చడం, దూకడం కుడి బొటనవేలి పనులు. నేను తెచ్చిన ఎమ్యులేటరుకు స్క్రిప్టు రాసి తగిలించవచ్చు. స్క్రిప్టు అంటే మనిషి బదులు బటన్లు నొక్కే సూచనల వరుస. కాల్చే బటన్‌ను ఆగకుండా నొక్కుతూ ఉండమని రాశాను. దూకడం ఆయనే చెయ్యాలి, ఎప్పుడు దూకాలో ఆయనకే తెలియాలి కాబట్టి. కీబోర్డును నేల మీద పెట్టి, కాలి బొటనవేలితో పెద్ద మీట నొక్కమన్నాను.

ఆయన వెనక్కి జరిగాడు. "కాలితోనా? సదువుకు సంబంధించింది కదప్పా అది."

"కీబోర్డే కదన్నా."

"నీకు కీబోర్డే. ఓబులేసూ, నువ్వు సెప్పు."

"నాకు సదువే ల్యా, నన్నడుగుతావేంది?" అన్నాడు ఓబులేసు.

చివరికి ఆయన వంగి, ఎడమచేత్తో కీబోర్డును తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత దాని మీద కాలు పెట్టాడు. ఆ పైన ఎన్నిసార్లు ఆట మొదలుపెట్టినా ముందు ఈ పని చేసేవాడు. ఆట మధ్యలో లేచి తిరిగి వచ్చినా సరే, మళ్ళీ వంగి కళ్ళకద్దుకునేవాడు. ఆయన శానాసార్లు లేచేవాడు.

బయట బండి చప్పుడైతే చాలు, లేచేవాడు. లేచి, తల వంచి, ఒక చెవి కిటికీ వైపు పెట్టేవాడు. "పాల వ్యాను," అనేవాడు. లేదంటే "కలమల్ల డ్యూటీ బస్సు." అది కరెంటు ఫ్యాక్టరీ వాళ్ళను మోసే బస్సు. పేరు తెలియని చప్పుడైతే ఓబులేసు వైపు చూసేవాడు. ఈలోపల తెర మీద ఆయన సోల్జరు చచ్చిపోయేవాడు. కలమల్ల పొగగొట్టాలు మిద్దె మీదికెక్కితే కనపడతాయి, మాకు మాత్రం కరెంటు పోయేది. కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమనేది, ఆయన దానికీ లేచేవాడు.

కంప్యూటరును నేను గది లోపలి గోడకు పెడితే ఆయన ఒప్పుకోలేదు. తెర చూస్తుంటే తలుపు కూడా కనపడాలి. బల్లను తలుపు పక్కకు జరిపి, వైర్లు పొడిగించి, కుర్చీని ఎదురుగోడకు ఆనించాం. అంత దూరం నుంచి తెర మీద సోల్జర్లు చీమలంత కనపడతారని చెప్పాను. "చీమలైనా సరే, ఎదురుగా ఉండల్ల," అన్నాడు.

నేను టైంటేబుల్ మీద బతికే మనిషిని. ఏ వారం ఏ పని అని రాసుకోకపోతే నాకు చెయ్యి ఆడదు. ఆయన ఎప్పుడు రమ్మంటాడో చెప్పేవాడు కాదు.

"మల్ల ఎప్పుడు రావల్లన్నా?"

"నేను రమ్మన్నప్పుడు."

"అదెప్పుడు?"

"నాకే తెలీకుంటే నీకెట్ట తెలుస్తాది?"

ఫోను ప్రతిసారీ కొత్త నంబరు నుంచి వచ్చేది. ఒక్క మాట, "రా." బస్సు ఎక్కడ దిగాలో అప్పుడు చెప్పేవాడు. ఒకసారి ఊరి ముందర దిగమంటే, ఒకసారి ఊరు దాటి దిగి వెనక్కి నడిచి రమ్మనేవాడు. ఎండలో నడిచి వచ్చి విసుక్కుంటే మజ్జిగ ఇప్పించేవాడు. మజ్జిగ ముందు తాను ఒక గుక్క తాగి ఇచ్చేవాడు, అందులో ఏమీ కలపలేదని చూపించడం మర్యాద అనుకుని. "ఒక తావున కుదురుగా కూచ్చోడం చచ్చినోళ్ళ పని అబ్బీ. మనం తిరగల్ల."

రెండు మూడు వారాలకు ఒక్కచేత్తోనే వంతెన దాకా పోవడం నేర్చాడు. ఆ వంతెన గురించి చెప్పాలి. మొదట కాలు పెట్టినవాడి అడుగుల కిందే ముక్క ముక్కగా పేలిపోతూ వస్తుంది. ఆగితే నీళ్ళలో పడతారు, ఉరకాలి. అక్కడిదాకా పోయి ఆయన ఆట ఆపేశాడు.

"రెండోవాడు యాడబ్బీ?"

"ఒకరు ఆడితే ఒక్కడే వస్తాడన్నా."

"ఒక్కడే వంతెన దాటేది నాకొద్దు. రెండోవాణ్ణి పెట్టు."

"ఓబులేసన్న ఆడతాడేమో."

"నాకు కండ్లు ఆనవు నాయనా," అన్నాడు ఓబులేసు. "నిజం తుపాకికే గురి దొరకదు."

"ఈ ముక్క ఊర్లో సెప్పాకు," అన్నాడు ఆయన. మేకుకు వేలాడుతున్న గేమ్‌ప్యాడు వైపు ఒకసారి చూశాడు. ప్యాడ్లు జతగా అమ్మితే కొన్నాడు. రెండోదాన్ని ముట్టుకోలేదు. "కంప్యూటరుతోనే ఆడించు. నేను సెప్పినట్ట ఆడల్ల వాడు."

ఆ తర్వాత నేను ఆ గదిలో చేసిన పని అంతా అదే. రెండో సోల్జరును ఆడించే స్క్రిప్టు. అది ఎట్లా ఉండాలో ఆయన నడుస్తూ చెప్పేవాడు, నేను కూర్చుని రాసేవాణ్ణి.

"వాడు నా ఎనక రాకూడదు. ఎప్పుడూ ముందరే పోవల్ల."

దానికి స్క్రిప్టుకు ఇద్దరిలో ఎవరు ముందున్నారో తెలియాలి. ప్రతి సోల్జరు తెర ఎడమ అంచు నుంచి ఎంత దూరంలో ఉన్నాడో గేము ఒక అంకెగా తన మెమొరీలో పెట్టుకుంటుంది. ఆ రెండు అంకెలు ఎక్కడున్నాయో వెతికి పట్టుకుని, తెర మూలలో చిన్నగా కనపడేలా పెట్టాను. రెండో అంకె మొదటిదానికంటే తగ్గితే రెండోవాడు పరిగెత్తాలి.

"గుంత వస్తే తొందరపడి దూకుతాడు. పడతాడు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ పడితే మనిషెట్టయితాడు? పదింటికి మూడు తూర్లు."

రాశాను. వారం తర్వాత, "మూడు కాదబ్బీ, నాలుగు," అన్నాడు.

ఇంకో వారానికి ఇంకో ఫిర్యాదు. "నీ కంప్యూటరుకు అలవాటొకటి ఉంది. ఆన్ చేసినాక మొదటి గుంతలో పడడు, రెండో గుంతలో పడడు, మూడోదాంట్లో పడతాడు. రోజూ అంతే. ఒకే మాదిరి పోయేటోణ్ణి కాచి కొట్టేది శానా సులభం."

చూస్తే నిజమే. పడాలా వద్దా అనేది స్క్రిప్టు అడ్డదిడ్డంగా తీసే అంకెల మీద ఆధారపడుతుంది. ఆ అంకెల వరుస మాత్రం ఎప్పుడు తెరిచినా ఒకే చోట మొదలవుతోంది. గడియారం చూసి కొత్త చోట మొదలుపెట్టమని ఒక వరుస కలిపాను. ఇప్పుడు బెంగళూరులో నా ఉద్యోగం ఇట్లాంటి స్క్రిప్టులతోనే. ఒకరు వాడినట్టే సాఫ్ట్‌వేర్‌ను వాడి, ఎక్కడ పడుతుందో చూడటం. ఆయనంత అనుమానంగా చూసేవాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు.

"వాని ప్రాణాలు అయిపోతే నాదొకటి తీసుకుంటాడు," అని ఇంకో రోజు చెప్పాడు. ఆ గేములో అట్లా తీసుకోవచ్చు.

"నిన్ను అడిగి తీసుకుంటాడా?"

"యాడ అడుగుతాడు? తీసుకుంటాడు, అంతే. తీసుకుని మల్ల బతికొచ్చినాక ఆకాశం తట్టు మూడు తూర్లు కాలుస్తాడు."

"ఆకాశంలో ఎవరూ ఉండరు కదన్నా?"

"ఎవురూ ఉండరు. నవ్వుతాడు కదా అప్పుడు, చేతులు ఊరికే ఉండవు." ఆయన కిటికీ దగ్గర ఆగాడు. "నవ్వు పెట్టలేవా?"

"గేములో నవ్వు లేదన్నా."

"సరే, కాల్చేదన్నా పెట్టు."

పెట్టాను. ఆ రోజు తెర మీద రెండోవాడు గుంతలో పడి, ఆయన ప్రాణం ఒకటి తీసుకుని, లేచి వచ్చి ఆకాశం వైపు మూడుసార్లు కాల్చాడు. "ఏం మామా, సిగ్గు ల్యాదా నీకు!" అని ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. బయట ఏదో బండి పోయింది. నేను తలెత్తి చూశాను. ఆయన లేవలేదు. ఏం బండో చెప్పలేదు కూడా.

షరతులు రాస్తున్నాననుకున్నాను. రాస్తూ పోతే అవి ఒక మనిషి అయ్యాయి. ఆ మనిషి ఎవరో నాయనను అడిగాను, మంద దగ్గర బువ్వ తింటూ.

నాయన ముద్ద మింగి చెప్పాడు. "ఇద్దరూ ప్రొద్దుటూరు హాస్టల్లో ఒకే రూములో ఉండి సదివినోళ్ళు. వానిది ముద్దనూరు అవతల, పులివెందుల దోవలో. ఇప్పుడు ఆ పక్క పెద్దాయన కాడ ఉండాడు. జీపు మీద బాంబులు పడిన పొద్దు వాడూ ఉండాడనేవాళ్ళు ఉండారు, ల్యాడనేవాళ్ళు ఉండారు. నువ్వు మాత్రం అడగాకు."

నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. వాళ్ళిద్దరి ఊర్ల మధ్య బస్సులో గంట ప్రయాణం కూడా లేదు. మా గొర్రెలు నడిచి పోయేవి.

అప్పుడు ఎలక్షన్లు వచ్చాయి. ఈ పక్క నాయకుడు, ఆ పక్క నాయకుడు ఒకే పార్టీలో చేరారు. పులివెందులలో ఒకే వేదిక ఎక్కి ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు. వారం లోపల ఊర్లో గోడలకు కొత్త రంగు పడింది.

"మొన్నటిదాకా ఆ రంగు కనపడితే రాయి తీసుకుంటాంటిమి," అన్నాడు ఓబులేసు. "నిన్న నేనే బ్రష్షు పట్టుకుని మనింటికి కొట్టినా. సున్నమన్నా బాగా తాగింటే బాగుండు, పాత రంగు అగపడతాండాది."

 ఆయన నడవడం ఎక్కువైంది. గది చాలక వసారాలోకి, వసారాలోంచి మిద్దె మీదికి నడిచేవాడు.

ఒకరోజు ఫోను వచ్చింది. పాత నంబరే. "అబ్బీ, ఆదివారం వాళ్ళు ఓట్లకు మా ఊరికి వస్తాండారు. వాడూ వస్తాండాడు. పదకొండు గంటలకు. నువ్వు పదికే ఉండల్ల. నేరుగా మా ఇంటి ముందరే దిగు."

రోజు, గంట, చోటు. మూడూ ముందుగా చెప్పడం అదే మొదలు.

పోయేసరికి ఆయన తలకు నూనె పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. కుర్చీ తీసేయించి, ఎదురుగోడకు ఆనించి ఒక మంచం వేయించాడు. "హాస్టలు ఎనక వీడియో గేము అంగట్లో బల్ల ఉన్న్యది. ఇద్దరం ఇట్టనే కూచ్చుంటాంటిమి. ఈడ నేను, ఆడ వాడు," అని చేత్తో చూపించాడు. రెండోవాణ్ణి స్క్రిప్టుతో నడిపిస్తూ ఆట పెట్టి ఉంచమన్నాడు.

"ఆయన వస్తే ఆయన్నే ఆడమందామా అన్నా?"

"ముందు సూడనీ," అన్నాడు. "సూస్తే వానికే తెలుస్తాది."

పదకొండు దాటాక సుమోలు వచ్చాయి. డప్పులు, నినాదాలు. నాయకులు వీధిలో ఉండిపోయారు. అతను ఒక్కడే లోపలికి వచ్చాడు. లావుపాటి మనిషి, చెవుల దగ్గర నెరిసింది, భుజాన పార్టీ కండువా. ఓబులేసు గుడ్డ మూటను మంచం కిందికి తోశాడు. తోసి, బయటికి మిగిలిన మూట కొస మీద ఒక కాలు పెట్టుకుని నిలబడ్డాడు.

అతను గడప దగ్గరే ఆగి తెర చూశాడు. రెండో సోల్జరు గుంత రాకముందే దూకి పడ్డాడు. ప్రాణం తీసుకున్నాడు. లేచి ఆకాశం వైపు మూడుసార్లు కాల్చాడు.

"ఎవురప్పా ఆడేది?"

"ఎవురూ ల్యా. కంప్యూటరు," అన్నాడు ఆయన.

అతను ఇంకొంచెంసేపు చూశాడు. ఇంకో గుంత, ఇంకో ప్రాణం, ఇంకో మూడు కాల్పులు.

"నేను ఇట్టనే ఆడతాంటినా?"

"ఇంగా అధ్వానం. నీ పరువు పోతాదని కొంచెం తగ్గించినాం."

అతను నవ్వాడు. గేములో పెట్టలేకపోయిన నవ్వు అదే. పెద్దది, భుజాలు కదిలే నవ్వు. ఓబులేసు కూడా కాలు తీసి నవ్వాడు. అది ఆగిపోయాక గదిలో గేము పాట ఒక్కటే వినిపించింది.

"ఆ పొద్దు జీపు కాడ నేను ల్యా," అన్నాడు అతను.

"నేను అడిగినానా?"

"అడగలే."

"మల్ల?"

ఆయన మేకు దగ్గరికి పోయి రెండో గేమ్‌ప్యాడును దించాడు. ఒక్కచేత్తో కవరు ఊడలేదు. పళ్ళతో పట్టి చించి, వైరు నా చేతికి ఇచ్చి, ప్యాడును అతని చేతికి ఇచ్చాడు. నేను రెండోవాడి స్క్రిప్టు ఆపేశాను. ఆయన వంగి కీబోర్డును కళ్ళకద్దుకున్నాడు. ఇద్దరూ గోడకు ఆనుకుని, మంచం మీద భుజం భుజం తగిలేలా కూర్చున్నారు. ఇద్దరికీ తలుపు కనపడుతోంది.

మొదట బాగానే పోయింది. అతను గుంతల దగ్గర సరిగ్గా దూకాడు. ఒక్కసారి కూడా పడలేదు. "ఏంది మామా, బాగుపడినావు!" అన్నాడు ఆయన. అతను ముందుకు మాత్రం రాలేదు. ఆయన సోల్జరు ఎంత దూరం పోతే, దానికి ఒక అడుగు వెనకే ఉన్నాడు. మూలలో నా రెండు అంకెల్లో రెండోది ఎప్పుడూ తక్కువే చూపిస్తోంది. ఆయన తెర చూడటం తగ్గించి పక్కనున్న మనిషిని చూడటం మొదలుపెట్టాడు.

వంతెన వచ్చింది. ఇద్దరూ ఆగారు.

"పో మామా," అన్నాడు ఆయన.

"నువ్వు పో. నేను ఎనకొస్తా."

"ముందర ఉరికేటోడివి నువ్వే గదా."

"అదప్పుడప్పా. ముందర పోయేది మానుకున్న్యా."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు, అతను ముందుకు రావాలని. తెర మీద ఆయన సోల్జరు అతని సోల్జరు వెనక్కి వచ్చాడు. అతను వెంటనే ఇంకో అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ఆయన. మళ్ళీ అతను. నవ్వులాటగానే మొదలుపెట్టినట్టున్నారు, ఎవరూ నవ్వడం లేదు. ఆ పాత గేముల్లో తెర ముందుకే జరుగుతుంది, వచ్చిన దారి వెనక్కి రాదు. ఇద్దరూ జరిగి జరిగి ఎడమ అంచుకు తగిలి ఆగిపోయారు. కాల్చే స్క్రిప్టు నడుస్తూనే ఉంది కాబట్టి ఎదురు వచ్చినవాళ్ళు వచ్చినట్టే పడిపోతున్నారు. వంతెన ఖాళీగా ఉంది.

"పో మామా," అన్నాడు ఆయన ఇంకోసారి, ఈసారి చిన్నగా.

"నా వల్ల కాదప్పా," అన్నాడు అతను.

బయట హారన్ మోగింది. "అన్నా, పులివెందులకు టైమైతాంది!" అని ఎవరో కేకేశారు. అతను ప్యాడును మంచం మీద పెట్టాడు. వైరును చుట్టి దాని పక్కన పెట్టాడు. "ఇంగోసారి వస్తా."

"రా."

మాట్లాడుతూనే అతను గడప దాకా వెనక్కి నడిచాడు. గడప దాటాక గానీ ఇటు వీపు తిప్పలేదు. ఆయన లేచి నిలబడి, తల వంచి, ఒక చెవి కిటికీ వైపు పెట్టాడు. ఆఖరి బండి చప్పుడు ఆగేదాకా అట్లానే ఉన్నాడు.

"స్క్రిప్టు పెట్టనా అన్నా?" అని అడిగాను. "రెండోవాడు ముందర పోతాడు. దాటొచ్చు."

"వద్దబ్బీ. వాణ్ణి ఇంగ పెట్టాకు." చించిన కవరు ముక్క పెదవికి అంటుకుని ఉంటే తుడుచుకున్నాడు. "ఇద్దరినీ ఇట్టనే దాచి పెట్టు. కదిలించాకు."

ఎమ్యులేటరులో ఆటను ఏ క్షణం దగ్గరంటే ఆ క్షణం దగ్గర దాచుకోవచ్చు. దాచాను. ఆయన కంప్యూటరులో ఒకటి, నా దగ్గర ఒకటి. ఆ తర్వాత ఆయన నన్ను ఆట కోసం పిలవలేదు.

చదువు అయిపోయి బెంగళూరు వచ్చాక ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫోను చేసేవాడు. ఎప్పుడూ కొత్త నంబరు.

"అబ్బీ, అది ఉండాదా?"

"ఉందన్నా."

"సరే." పెట్టేసేవాడు.

ఒకసారి పెట్టేసేలోపు అడిగాను. "ఆయన మల్ల రాలేదా అన్నా?"

"రాకేం. పెండ్లిళ్ళల్లో కనపడతాండాడు. ఎలక్షన్లొస్తే ఒకే బండిలో పోతాండాం ఇప్పుడు." కొంచెం ఆగి, "ముందు సీటు ఖాళీగా పెట్టుకుని ఇద్దరం ఎనక సీట్లో కూచ్చుంటాం. డ్రైవరు నవ్వుతాడు," అన్నాడు. ఆ రోజు ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వు విన్నది నేను ఫోనులోనే.

నాయన ఫోను పెట్టేసిన తర్వాత ఆ దాచిన ఆటను తెరిచాను. గేము పాట మొదలైంది. వంతెన ఖాళీగా ఉంది. ఎడమ అంచున సోల్జరు ఒక్కడే ఉన్నట్టు కనపడింది. రెండోవాడు ఏమయ్యాడా అని చూస్తే, ఒకడి బొమ్మను ఇంకొకడి బొమ్మ సరిగ్గా కప్పేసేలా ఒకే చోట నిలబడి ఉన్నారు. కాల్చే స్క్రిప్టును తగిలించలేదు, ఏ బటనూ ముట్టుకోలేదు. మెమొరీలోని రెండు అంకెలను చూపించే వరుసలను మాత్రం నడిపాను.

మొదటివాడు, అంచు నుంచి పదహారు. రెండోవాడు, పదహారు. ఇద్దరి మధ్య దూరం సున్నా.